కిటికీ అవతల కాయల లెక్క

కొత్తపేటలో కొండబాబు కొబ్బరికాయల కొట్టుకీ, పక్కనున్న ప్రైవేటు స్కూలు ఏడో తరగతి గదికీ మధ్య ఒక్క గోడే అడ్డు. ఆ గోడకి కిటికీ ఉండబట్టే ఈ బేరమంతా మొదలైంది.

ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చేసిన రోజులవి. ఒక ఉదయం సన్నటి వానలో లెక్కల టీచరు సౌజన్య గొడుగు వేసుకుని కొట్టుకి వచ్చింది.

“మీరు కాయలు లెక్కపెట్టడం ఆపాలండీ.”

కొండబాబు చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. “లెక్కెట్టకుండా కాయలమ్మితే మా నాన్నగారు నన్నమ్మేస్తారండీ.”

“పోనీ, మనసులో లెక్కపెట్టుకోండి. మీరు రాగం తీస్తుంటే పిల్లలు కిటికీ వదలట్లేదు. అసలే వాళ్లకి పాఠం మీద అయిదు నిమిషాలు ధ్యాస నిలవదు. ఛానల్ మార్చినట్టు మొహాలు తిప్పేస్తారు.”

“అయితే నా ఛానల్ బాగుందన్నమాటండీ.”

ఆమె నవ్వలేదు. “శుక్రవారం కరస్పాండెంట్‌గారు నా క్లాసు చూడ్డానికొస్తున్నారు. అప్పటికీ పిల్లలు ఇలాగే ఉంటే వేరే టీచర్ని పెట్టుకుంటారటండీ.”

మొహం చూసి ఎదుటివాళ్ల అవసరం తూచడం కొండబాబుకి అలవాటు. ఈ మొహంతో బేరం కుదరదు. పైగా ఆ మొహాన్ని రోజూ చూడాలంటే ఆమె ఉద్యోగం గోడవతలే ఉండాలి. ఎటు కూడినా లెక్క ఒక్కటే.

“ఆయ్. రేపట్నించి నోరిప్పనండీ,” అన్నాడు.

మర్నాడు మాట నిలబెట్టుకున్నాడు. సాయంత్రం ఆమె మళ్లీ వచ్చింది.

“ఇవాళ మరీ ఘోరమండీ. లెక్క ఎందుకాపేసేరో అని క్లాసంతా కిటికీకే వేలాడింది. మీకు జ్వరమొచ్చిందని ఒకళ్లు, కొట్టు ఎత్తేశారని ఇంకొకళ్లు.”

“అరిస్తే తప్పు, అరవకపోతే తప్పు. ఇంకెలాగండీ?”

సౌజన్య కాయల రాశినీ, పక్కకి విసిరేసిన కుళ్లు కాయలనీ చాలాసేపు చూసింది. “వాళ్ల ధ్యాస ఇక్కడుంటే నేనక్కడ గొంతు చించుకోవడం దేనికి? శుక్రవారం క్లాసునే ఇటు తీసుకొస్తాను. శాతాలు చెప్పాలి. మీరు గట్టిగా లెక్కపెట్టండి, చాలు.”

శుక్రవారం కరస్పాండెంట్ వెంకటకృష్ణగారు ఖాళీ తరగతి చూసి, మొహం ముడుచుకుని కొట్టు దగ్గరికి వచ్చేసరికి పిల్లలంతా రాశి చుట్టూ నిలబడి ఉన్నారు. వంద కాయల్లో ఎన్ని కుళ్లినవో తేల్చడం వాళ్ల పని.

కొబ్బరి వర్తకులు ఒకటి అనరు, లాభం అంటారు. “లాభం... రెండు... మూడు...” కొండబాబు గొంతెత్తాడు. ఒక్కో కాయా పడుతోంది.

ఇంతలో జల్లు మొదలైంది. సౌజన్య తడిసిన ముంగురుల్ని చెవి వెనక్కి తోసుకుంది.

“యాభై ఆరు... యాభై ఏడు... యాభై ఆరు...”

“వెనక్కెళ్లేరండీ,” అంది క్లాసంతా ఒక్కసారే.

ఎప్పుడూ ఆఖరి బెంచీలో కునికే రేవతి ముందుకొచ్చింది. “యాభై ఏడయ్యేక మళ్లీ యాభై ఆరన్నారండీ. టీచరుగారి వంక చూస్తే అలాగయ్యిందండీ.”

కాయలకన్నా ఎక్కువ దొర్లాయి నవ్వులు. వెంకటకృష్ణగారు తల తుడుచుకుని సౌజన్య వైపు చూశారు. “రేవతి మెలకువగా ఉండగా చూడ్డం నాకిదే మొదలమ్మా. ఈ క్లాసు మీదే, ఇంకెవరికీ ఇవ్వను.” తర్వాత కొండబాబు వైపు తిరిగారు. “మీరు మాత్రం ఫెయిలండీ.”

పిల్లలు వెళ్లాక సౌజన్య వెనకబడింది. “మా పిల్లల సంగతి సరే. మీకే ధ్యాస నిలవట్లేదండీ.”

“నిలవక కాదండీ. సరుకంతా ఒక్కచోటే పెట్టొద్దని మా నాన్నగారు చెబుతూనే ఉంటారు. పెట్టేశాను.”

ఆమె గొడుగు విప్పి, దాని చాటునుంచి అంది:

“ఆదివారం మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. తడబడకుండా మాట్లాడగలరా?”

“మీరు ఎదురుగా లేకపోతే మాట్లాడగలనండీ.”

“అయితే తలుపు వెనకుంటాను లెండి,” అంది సౌజన్య. “నేను మాత్రం ఒక్క మాటా వదలకుండా వింటాను.”