అందని పార్సిల్

పొద్దున్నే కాఫీ గ్లాసుతో కంప్యూటర్ ముందు కూర్చోవడం మామగారికి అలవాటు. ముప్పై నాలుగేళ్ళు పోస్ట్‌మన్‌గా చేసిన మనిషి. రిటైరయ్యాక ఇంటికొచ్చే మెయిళ్ళన్నీ చదివి, ఎవరివి వాళ్ళకు చెప్పే పని తనే నెత్తిన వేసుకున్నారు.

ఆ రోజు ఒకటొచ్చింది. 'మీ పార్సిల్ అందించలేకపోయాం. జతచేసిన చీటీ తెరవండి.' అందని పార్సిల్ అంటే ఆయన ప్రాణం ఊరుకుంటుందా? తెరిచారు.

కాసేపటికి కోడలు కేక పెట్టింది. పిల్లల పుస్తకానికి ఆమె కంప్యూటర్లో గీసిన నలభై బొమ్మల్లో ఒక్కటీ తెరుచుకోవడం లేదు. డబ్బు కడితేనే తాళం తీస్తామని తెర మీద ఎర్రటి అక్షరాలు. బొమ్మలేమో సాయంత్రానికల్లా ప్రచురణకర్తకు చేరాలి.

"ఎవరు పంపారో చూడకుండా తెరిచేయడమేనా నాన్నా? ఇక ఆ కుర్చీ జోలికి వెళ్ళకండి!" కొడుకు విరుచుకుపడ్డాడు.

మామగారు తలొంచుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

కోడలు వెంటనే నెట్ వైరు పీకేసింది. రిపేరు చేసే ఆవిడ వచ్చి చూసి పెదవి విరిచింది.

"డబ్బు కట్టినా తీస్తారన్న నమ్మకం లేదండీ. మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కించాలి. కాపీలున్నాయా?"

"శనివారం దాకా ఉన్నాయి. ప్రతి శనివారం వేరే డిస్కులో ఎక్కించి, ఊడదీసి బీరువాలో పెడుతుంటాను. పోయినవి ఈ వారం గీసిన మూడు."

కంప్యూటర్ బాగయ్యేలోపు ఆ మూడూ కాగితం మీద గీద్దామని కూర్చుంటే, కంగారులో ఏదీ గుర్తుకు రాలేదు. "ఏనుగు ఎటు తిరిగి ఉందబ్బా..."

"ఎడమవైపు తల్లీ," వరండాలోంచి మెల్లగా వినిపించింది. "తోక పట్టుకుని పిచ్చుక వేలాడుతోంది. గొడుగు నీలం."

"మీకెలా తెలుసు మామయ్యా?"

"రోజూ నీ వెనక నిలబడి చూసేవాణ్ణిగా. పనికి అడ్డమని పలకరించలేదు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. తన బొమ్మలు ఈ ఇంట్లో ఎవరికీ పట్టవనే ఇన్నాళ్ళూ అనుకుంది. కళ్ళు తుడుచుకుని పక్కనే పీట వేసింది. "ఇలా వచ్చి కూర్చోండి. పిచ్చుక ముక్కు ఎంత ఉంది?"

"మీ ఆయన ముక్కంత!"

పక్క గదిలో కొడుక్కి నవ్వాగలేదు.

కాగితం మీది మూడూ ఫోటో తీసి కలిపాక, సాయంత్రం ఐదింటికి నలభై బొమ్మలూ ప్రచురణకర్తకు వెళ్ళిపోయాయి.

మర్నాడు పొద్దున కోడలే కుర్చీ లాగింది. "మెయిళ్ళు చూడండి మామయ్యా."

"వద్దులేమ్మా. మళ్ళీ ఏం కొంప ముంచుతానో."

కొడుకు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు నాది నాన్నా. నేర్పకుండా అరిచాను. పైన కనిపించే పేరు నమ్మకండి, పక్కనున్న అడ్రసు చూడండి. అనుమానమొస్తే తెరవకుండా మమ్మల్ని పిలవండి."

మామగారు కళ్ళద్దాలు సర్దుకుని కూర్చున్నారు.

"అడ్రసు చూడమని నాకు చెబుతున్నావురా నువ్వు!"

నవ్వుతున్నారేగానీ, అద్దాల వెనక కళ్ళు చెమర్చాయి.