గొంతునాడి

2068 నాటికి ఫోన్ చేసినవాణ్ణి ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అని సతాయించే రోజులు పోయాయి. కాకినాడ తీరంలోని సాగరపవన్ సంస్థలో ఆ పనికి ఎరుక అనే పిలుపుదారి యంత్రం ఉంది. అవతలి మనిషి రెండు మాటలనేసరికి అది గొంతునాడి పట్టేస్తుంది. అంటే గొంతులో వణుకు, ఊపిరి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ కొలిచి, ఆ మనిషికి ఎవరు అవసరమో పోల్చుకుని ఆ ఎక్స్‌టెన్షన్‌కి కలుపుతుంది. నోటితో ఏమడిగాడన్నది దానికి రెండో సంగతి. మనుషులకు కావలసింది ఒకటి, అడిగేది మరొకటి అని దాన్ని తయారుచేసిన ఇషాంక్ నమ్మకం.

ఇషాంక్‌కి నలభై ఆరేళ్ళు. పన్నెండేళ్ళుగా ఆ యంత్రంతోనే కాపురం. అసలు కాపురం మధ్యలో ఎప్పుడు చెదిరిపోయిందో అతను సరిగ్గా గమనించనే లేదు. ఎరుకను కొన్న మొట్టమొదటి సంస్థ ఇదే. ఇక్కడ పరువు పోతే ఇంకెవరూ దాని మొహం చూడరు. అలాంటి చోటు నుంచే ఫిర్యాదు వచ్చింది.

“పది రోజుల్లో ముప్ఫయ్యొక్క కాల్స్ దారి తప్పాయండి,” అంది మేనేజర్ ఆద్విక. “సముద్రంలో గాలిమరల దగ్గర కాపలా ఉండేవాళ్ళు మరమ్మతుల విభాగం కావాలంటే గోడౌన్‌లో మోగుతోంది. నాలుగింటిలోగా సరిచేయండి. లేదంటే దీన్ని తీసేసి పాత పద్ధతే పెట్టుకుంటాం.”

ఇషాంక్ సర్వర్ గదిలో కూర్చుని పరీక్ష కాల్ చేశాడు. పరీక్ష కాల్ ఎవరి గొంతుతో వాళ్ళే చేసుకోవడం ఆ వృత్తిలో ఆచారం. ఎందుకని ఎవరూ అడగరు.

“పరీక్ష కాల్. మరమ్మతుల విభాగం కావాలి.”

“ఇది గోడౌనండి,” అంది ఓ పెద్దావిడ గొంతు.

తప్పు దొరికినందుకు సంతోషించాడు. ఏ కాల్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పే రూటింగ్ పట్టిక మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అంతా సవ్యంగానే ఉంది. సర్వర్ ఆపి మళ్ళీ నడిపించి ఇంకో కాల్ చేశాడు.

“మళ్ళీ గోడౌనేనండి. ఇందాకటి బాబుగారేనా?”

ఆవిడ పేరు ప్రవల్లిక. అరవై దాటాయి. నలభై కిలోమీటర్ల అవతల, గాలిమర రెక్కలు దాచే షెడ్డులో ఒక్కర్తే ఉంటుంది. ఇదంతా నాలుగో కాల్‌కి తెలిసింది. ఆరో కాల్‌కి ఆవిడే అడిగింది.

“భోజనం అయ్యిందాండి?”

“లేదండీ. పని తెమలలేదు.”

“అదేంటండి, రెండవుతుంటేనూ! పని ఎక్కడికి పోద్దండి. ముందు కాస్త ఎంగిలి పడండి. ఒక్కరే ఉంటారేంటి?”

“ఒక్కణ్ణేనండి.”

“ఆయ్. ఒక్కళ్ళకి వండుకోవాలంటే బద్దకవేనండి. నాకూ అంతే.”

తొమ్మిదో కాల్ పదకొండు నిమిషాలు నడిచింది. ధ్వని నాణ్యత చూడాలి కదా అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

చివరికి ఎందుకో తోచి ఆద్విక చేత కాల్ చేయించాడు. తిన్నగా మరమ్మతులకే వెళ్ళింది. ఆఫీసులో మరో ముగ్గురి చేత చేయించాడు. వాళ్ళవీ అక్కడికే వెళ్ళాయి. తన గొంతు ఒక్కటే గోడౌన్‌కి పోతోంది.

అప్పుడు ఆ ముప్ఫయ్యొక్క కాల్స్ చిట్టా తెరిచాడు. చేసినవాళ్ళంతా ఒక్కో గాలిమర దగ్గర నెలకో మనిషి చొప్పున నడిసముద్రంలో ఒంటరిగా కాపలా ఉండేవాళ్ళు. ఏ ఒక్కరి గాలిమరకీ ఏ జబ్బూ లేదు. గోడౌన్‌తో మాట్లాడాక ఎవరూ మరమ్మతులకు మళ్ళీ ఫోన్ చేయలేదు.

“నన్ను గోడౌన్‌కి ఎందుకు కలుపుతున్నావు?” అని ఎరుకనే అడిగాడు.

“మీ గొంతునాడికి సరిపోయిన మనిషి ఈ సంస్థలో ఆమె ఒక్కరే.”

“నాకేం కావాలని?”

“తీరిగ్గా మాట్లాడే మనిషి. ఆ ముప్ఫయ్యొక్క మందికీ అదే కావాలి. మీ కొలత వాళ్ళందరికన్నా ఎక్కువగా ఉంది.”

గదిలో ఎవరూ లేకపోయినా ఇషాంక్‌కి తల కొట్టేసినట్టయింది. యంత్రంలో లోపం లేదని ఒక్క ముక్క రాస్తే చాలు, పన్నెండేళ్ళ కష్టం నిలబడుతుంది. కానీ నియమం ప్రకారం రుజువుగా పరీక్షలో చేసిన తన తొమ్మిది కాల్స్, వాటి కొలతలు జతచేయాలి. నడిసముద్రంలో ఉన్నవాళ్ళకన్నా ఊరి మధ్య ఉన్న తనే ఒంటరివాడని ఆద్విక చదువుతుంది. మొదటి వాక్యం రాశాడు, కొట్టేశాడు. మళ్ళీ రాశాడు, అదీ కొట్టేశాడు.

మూడున్నరకి ఆద్విక తలుపు దగ్గర నిలబడింది. “దొరికిందాండి?”

“దొరికింది. గొంతునాడి అతిగా పనిచేస్తోంది. దాన్ని ఆపేస్తున్నాను. ఇకనుంచి పనేమిటో అడిగి, చెప్పిన విభాగానికే కలుపుతుంది.”

“మాకు కావలసిందీ అదేనండి.”

ఆపేశాడు. పరీక్ష కాల్ చేస్తే, “మరమ్మతులు. సమస్య చెప్పండి,” అని చురుగ్గా ఓ గొంతు పలికింది. ఆద్విక సంతకం పెట్టింది. యంత్రమూ పరువూ రెండూ దక్కాయి.

బయట బస్సు కోసం నిలబడ్డాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఎవరున్నారా అని ఆలోచించి, సంస్థ నంబరుకి ఫోన్ చేశాడు.

“గోడౌన్ కావాలి.”

“గోడౌన్‌తో ఏం పని?” అని ఎరుక అడిగింది.

ఏదో ఒక రెక్క పేరు చెబితే సరిపోయేది. కానీ ఆ రోజుకి ఇంకో అబద్ధమాడే ఓపిక అతనికి లేదు.

“ఊరికేనే,” అన్నాడు.

“ఆ పనికి మా సంస్థలో విభాగం లేదు. దయచేసి పనేమిటో చెప్పండి.”

దానికి ఆ మాట నేర్పి గంటైనా కాలేదు. నేర్పింది అతనే.