తలుపు వెనక తన గొంతు

ఇంజనీరు చేతిలో కాఫీ కప్పు ఇంకా వెచ్చగానే ఉంది. మెడ వెనక తూటా దూరిన రంధ్రం. కీబోర్డు నిండా రక్తం.

"మన సీక్రెట్ లైన్లోకి ఎవరో చొరబడ్డారని కనిపెట్టాడు. పేరు చెప్పేలోపే చంపేశారు," అన్నాడు ఛీఫ్. "మధ్యాహ్నం విదేశాంగ మంత్రి ఒప్పందం మీద సంతకానికి కాన్ఫరెన్స్ హాలుకి వస్తున్నాడు. పరాయి ముఠా గురి ఆయన మీదే. నువ్వు కంట్రోల్ రూమ్‌లో ఉండు. ఎదుటి హోటల్ డాబా మీద నెమలి కాపలా ఉంటుంది."

మేస్త్రీ తలూపాడు. మూలపడ్డ వైర్‌లెస్ సెట్లన్నిటికీ ప్రాణం పోస్తాడని డిపార్ట్‌మెంట్ ఆ ఏజెంటుకి పెట్టిన పేరది. నెమలి అతని జోడీ. నగలు పెట్టుకుని రాయబారుల విందుకెళితే, తుపాకీ ఎక్కడ దాచిందో తెలుసుకోవాలని కూడా ఎవరికీ తోచదు. అతన్ని "బావా" అని పిలుస్తుంది. వరసకు కాదు, వేళాకోళానికి.

మంత్రి కారు బయల్దేరింది. మేస్త్రీ హెడ్‌సెట్ తగిలించుకుని ఇంటర్నెట్ లైన్లో పిలిచాడు.

"నెమలీ, ఎలా ఉంది అక్కడ?"

జవాబుకి ముందు అతని ప్రశ్నే అతనికి తిరిగొచ్చింది, నూతిలోంచి వచ్చినట్టు.

"డాబా ఖాళీ. ఎండ మాడు పగలగొడుతోంది బావా," అంది నెమలి.

మేస్త్రీ హెడ్‌సెట్ చెవికి నొక్కుకున్నాడు. ఫోన్ స్పీకర్లో పెడితే అవతలి మైకు మన గొంతునే మనకు తిప్పి పంపుతుంది. దాన్ని తుడిచేయడానికే ఎకో క్యాన్సిలర్ ఉంది. కానీ సామానే లేని బోసిగదిలో మాట చాలాసేపు మోగుతుంది. అక్కడ అది చేతులెత్తేస్తుంది. ఆరుబయట డాబాకి గోడలెక్కడివి? అసలు స్పీకర్ ఎందుకు, రెండు చేతులకీ పనుంటే తప్ప!

ఫోన్ జేబులో వేసుకుని, హెడ్‌సెట్ తీయకుండా మైకు మాత్రం ఆపేసి, పరుగున రోడ్డు దాటాడు. హోటల్ పై అంతస్తులో మరమ్మతులు, గదులన్నీ బోసిగా ఉన్నాయి. మెట్ల మీద రంగులేసేవాడి వేషంలో ఒకడు అడ్డొచ్చాడు. వాడి కత్తి మేస్త్రీ ఎడమ అరచేతిలో దిగింది. ఆ చెయ్యి అలాగే వదిలేసి, కుడిచేత్తో జుట్టు పట్టి వాడి తల గోడకేసి బాదాడు, ఊపిరి ఆగేదాకా.

వరసగా మూసిన తలుపులు. నెత్తురోడే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మైకు మళ్లీ తెరిచి గుసగుసలాడాడు.

"సాయంత్రం కాఫీకి వెళ్దామా?"

అర సెకను తర్వాత చివరి తలుపు వెనక అతని గొంతే పలికింది: "సాయంత్రం కాఫీకి వెళ్దామా?"

"నువ్వు కొనిస్తే వస్తా బావా." ఆమె నవ్వు ముందు తలుపులోంచి, ఆ తర్వాత చెవిలో వినపడింది.

ఒక్క తన్నుకి తలుపు ఊడింది. కిటికీలో రైఫిల్, దాని వెనక నెమలి. ఇయర్‌ఫోన్లో ముఠా నాయకుడి ఆజ్ఞ అందినట్టుంది, "సరే, కాలుస్తున్నా," అంటోంది. కింద మంత్రి కారు దిగాడు. ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

మేస్త్రీ రెండుసార్లు కాల్చాడు. రైఫిల్ గురి తప్పి పేలింది. మంత్రి నెత్తి మీద వీధి దీపం భళ్లుమంది.

నెమలి గోడకి చేరగిలబడింది. కొత్త సున్నం మీద ఎర్రటి చారిక.

"కాఫీ సంగతి... నిజంగానే అడిగావా?"

"నిజంగానే."

ఆమె విన్నదో లేదో.

ఆ ఇయర్‌ఫోన్ లైన్ పట్టుకుని సాయంత్రానికల్లా ముఠాని ఊడ్చేశారు. మేస్త్రీ అరచేతికి కుట్లు పడుతుంటే ఛీఫ్ వచ్చాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, నువ్వెలా పట్టావయ్యా?"

"ఈశ్వరుడు ఆమెతో రోజూ ఫోన్లో మాట్లాడలేదు కదా సార్."