ముప్పై ఒకటో బ్లేడు

టర్బైన్ ఫ్యాక్టరీ స్కానింగ్ ఇంజనీర్ డో సాంగిల్ కారు మాసాన్ వంతెన కింద నీళ్ళలో దొరికింది. సీటు బెల్టు పెట్టుకునే ఉన్నాడు. కారు బ్రేకులు బాగానే ఉన్నాయి. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు.

నీళ్ళలో పడేముందు అతను గూఢచారి విభాగం రహస్య నంబరుకి ఫోన్ చేశాడు. చెప్పింది ఒకే ఒక్క మాట.

"రెండు బ్లేడులకి ఒకేచోట పుట్టుమచ్చలున్నాయి."

అంతే, లైను తెగిపోయింది.

ఆ రికార్డింగు వినిపించి నామ్‌గుంగ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. సాంకేతిక రహస్యాలు దేశం దాటిపోకుండా కాపలా కాసే గూఢచారి విభాగానికి చీఫ్ అతను. ఎదురుగా కూర్చున్న తేసిక్ అతని ఏజెంట్. చాంగ్వాన్ బస్టాండు వెనక పంది పులుసన్నం హోటల్లో ఇద్దరి ముందూ గిన్నెలు పొగలు కక్కుతున్నాయి.

"ఏం అర్థమైంది?" అన్నాడు నామ్‌గుంగ్.

"ఒక బ్లేడు స్కానింగు ఫొటోని ఇంకో బ్లేడు పేరు మీద పెట్టేశారు. ఆ రెండోదాంట్లో ఏదో లోపం ఉంది."

ఆ బ్లేడులు కొత్త టర్బైన్‌వి. నికెల్ లోహప్పొడిని లేజరుతో పొర మీద పొరగా కరిగించి వాటిని ప్రింట్ చేస్తారు. లోపల గాలి తిరిగే సన్నని దారులు కూడా ఆ ప్రింటులోనే ఏర్పడతాయి. పోతపోసి అలాంటివి చేయడం ఎవరి తరమూ కాదు. ఎక్స్‌రేలో ప్రతి బ్లేడులోనూ చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. కవలపిల్లలకి కూడా పుట్టుమచ్చలు ఒకేచోట ఉండవు కదా.

"ఏ బ్లేడో చెప్పేలోపే చంపేశారు. స్కానింగు కంప్యూటరు మొత్తం తుడిచేశారు. బ్లేడులన్నీ టర్బైన్‌లో బిగించేశారు. రేపు పొద్దున పూర్తి వేగం పరీక్ష."

"పరీక్ష ఆపించండి సార్."

"రుజువేది? ఉత్తినే ఆపితే ఆర్న్‌హోల్ట్ సాయంత్రం విమానం ఎక్కేస్తాడు. ముఠా చెయ్యిజారిపోతుంది. టర్బైన్ పేలిపోతే మన బ్లేడులు ఎవడూ కొనడు. వాడికి కావలసింది అదే."

ఆర్న్‌హోల్ట్ ఆ ఫ్యాక్టరీకి లోహప్పొడి అమ్మే విదేశీ కంపెనీ ప్రతినిధి. పోటీ కంపెనీల కోసం ఈ బ్లేడులను దెబ్బతీయాలని చూసే ముఠాకి నాయకుడు కూడా అతనే.

"ఇంకో సంగతి," అన్నాడు నామ్‌గుంగ్ చెంచా కింద పెట్టి. "డో పేరు వాళ్ళకి చెప్పింది, ముఠాలో నువ్వు పెట్టుకున్న హేరాంగే అని నా అనుమానం. ఆమె మన మనిషో, వాళ్ళ మనిషో తేల్చు."

తేసిక్ గిన్నె పక్కకి జరిపాడు.

* * *

మూడేళ్ళుగా తేసిక్ ఆ ఫ్యాక్టరీలో కాఫీ మిషన్లు నింపే మనిషి. బూడిదరంగు చొక్కా, బండి, నకిలీ పేరు. చెవిలో వినికిడి మిషను. అందులో నామ్‌గుంగ్ గొంతు వస్తుంది, ఇక్కడి మాటలు అతనికి వినిపిస్తాయి. మిషన్ల నాణేల పెట్టెల్లో మైకులు. అందరూ అతన్ని కాఫీ బాబాయ్ అంటారు. అతనెవరో ఎవరూ అడగలేదు. డో ఒక్కడే కాగితం కప్పు పట్టుకుని నిలబడి, భోంచేశావా అని అడిగేవాడు. చేపల వేట కబుర్లు చెప్పేవాడు. బదులుగా తేసిక్ చెప్పినవన్నీ అబద్ధాలే. కానీ విన్నది మాత్రం మనసుపెట్టి విన్నాడు.

ఆ మధ్యాహ్నం మిషను ముందు ఎత్తుమడమల చప్పుడు ఆగింది. తెల్లని పొడుగు కోటు, ముత్యాల దుద్దులు. ప్యో హేరాంగ్. ఆర్న్‌హోల్ట్ కంపెనీకి సలహాదారు. ముఠాలో తేసిక్ పెట్టుకున్న కన్ను కూడా ఆమే.

"ఏమండీ, అల్లం టీ ఉందా?"

"చలికాలం వస్తే పెడతామండీ."

అంటే, ఈరోజే కలవాలి. ఆమె పాలకాఫీ బటను నొక్కి, కప్పు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

* * *

కలవడానికి వేరే చోటు అక్కర్లేకపోయింది. ఆసుపత్రి పక్కనున్న అంత్యక్రియల మందిరంలో డో ఫొటో చుట్టూ తెల్ల చామంతులు పేర్చారు. తేసిక్ రెండుసార్లు సాగిలపడి మొక్కాడు. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళకి ఇచ్చే డబ్బు కవరు మీద రాసింది నకిలీ పేరే.

డో భార్య అతన్ని గుర్తుపట్టింది.

"కాఫీ మిషన్లాయన మీరే కదూ? మా ఆయన చెప్పేవారు. మీకెవరూ లేరట కదా. ఈసారి కిమ్చీ పచ్చడి పెట్టినప్పుడు మీకో డబ్బా తీసిపెట్టమన్నారు."

తేసిక్ తల వంచి వెళ్ళి మూలనున్న బల్ల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి హేరాంగ్ నల్లటి పొడుగు గౌనులో వచ్చి ఎదుట కూర్చుంది. ఇద్దరి ముందూ ఎర్రటి గొడ్డుమాంసం పులుసు పెట్టి వెళ్ళారు.

"ఆయన పేరు మీరే చెప్పారా?" అన్నాడు తేసిక్ గిన్నెలోకి చూస్తూ.

"స్కానింగులు చూసేదెవరని అడిగారు. చెప్పాను. డబ్బిచ్చి కొంటారనుకున్నాను."

"మనిషిని అమ్మేశారు."

"అవును. మూడేళ్ళుగా ఇటు మీకూ అటు వాళ్ళకీ కబుర్లు మోస్తున్నాను. ఏది చెప్పాలో, ఏది దాచాలో ఆ రోజు లెక్క తప్పింది. ఆ లెక్క ఈయన ప్రాణం తీసింది."

"ఏ బ్లేడు?"

"ముప్పై ఒకటి. ప్రింటు ఫైలు మెరుగుపరిచామని చెప్పి నాచేతే పంపారు. దాని మీద ఆ అంకె ఉంది. చక్రంలో బిగించే వేరు దగ్గర కొన్ని పొరలకి లేజరు వేడి తగ్గించారట, నిన్న తాగి వాగాడు ఆర్న్‌హోల్ట్. పైకి ఉక్కు, లోపల పేలాల ఉండ."

"ఇది మీ మాట. వాడు నేర్పిన మాట కాదని నేనెలా నమ్మాలి?"

పక్క బల్ల దగ్గర డో స్నేహితులు సోజు సారా గ్లాసులు పట్టుకుని ఎవరిదో పాత వేళాకోళం తలుచుకుని నవ్వుతూ ఏడుస్తున్నారు.

"నాతో నిజం మాట్లాడే మనిషి మీరొక్కరే," అంది హేరాంగ్. "మీ అసలు పేరు కూడా నాకు తెలియదు. చూశారా, ఎంత గొప్ప స్నేహమో మనది."

ఆమె లేచి వెళ్ళింది. తేసిక్ చెవిలో నామ్‌గుంగ్ గొంతు పలికింది. "ఎర వేస్తోంది. టర్బైన్ విప్పిస్తే మళ్ళీ బిగించడానికి మూడు నెలలు పడుతుంది. ముప్పై ఒకటి బాగుందని తేలితే మళ్ళీ మన మాట ఎవడూ వినడు. నేను చెప్పేదాకా కదలకు."

* * *

పరీక్ష గది నిండా అతిథులు. మందపాటి అద్దానికి అవతల టర్బైన్ ఊళ వేస్తోంది. ఒక్క బ్లేడు ఊడితే పైతొడుగు ఆపుతుంది. వేరుతో సహా తెగితే పక్కవాటిని కూడా కోసేస్తుంది. అప్పుడు అద్దం ఆగదు.

తేసిక్ కాఫీ బండి పట్టుకుని కంట్రోల్ బల్ల పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, అడ్డం తప్పుకో, అంకెలు కనపడట్లా," అన్నాడు ఆపరేటరు.

వేగం డెబ్భై శాతం. ఎనభై. నేల కంపిస్తోంది.

ముందు వరసలో ఆర్న్‌హోల్ట్, పక్కనే హేరాంగ్. ఎనభై ఐదు దగ్గర ఆర్న్‌హోల్ట్ ఫోను చెవికి ఆనించి లేచాడు. ఫోను తెర చీకటిగా ఉంది. అతను హేరాంగ్ మోచేయి తట్టి, రమ్మన్నట్టు తలుపు వైపు చూశాడు.

"మీరు వెళ్ళండి. నేను చూస్తాను," అంది హేరాంగ్ అందరికీ వినపడేలా.

ఆర్న్‌హోల్ట్ ముఖం మారింది. మళ్ళీ మోచేయి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది. అతను ఇంకొక్క క్షణం తటపటాయించి, గబగబా తలుపు దాటి కాంక్రీటు గోడ అవతలికి పోయాడు.

హేరాంగ్ తేసిక్ వైపు తిరగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అద్దంలోకి చూస్తూ కూర్చుంది. అందరికంటే ముందు, అద్దానికి అందరికంటే దగ్గరగా.

తొంభై రెండు.

"కదలకు," అంది చెవిలో గొంతు.

తేసిక్ వినికిడి మిషను పీకి కాఫీలో పడేశాడు. బండిని పక్కకి తోసి, ప్లాస్టిక్ మూత పగలగొట్టి ఎర్ర బటను మీద అరచేత్తో కొట్టాడు.

"పిచ్చెక్కిందా బాబాయ్!" ఆపరేటరు అతని మెడ పట్టుకున్నాడు. అతిథులు లేచి నిలబడ్డారు. టర్బైన్ ఊళ మూలుగై, మూలుగు నిట్టూర్పై, ఆగిపోయింది.

ఆర్న్‌హోల్ట్‌ని గేటు దగ్గర నామ్‌గుంగ్ మనుషులు పట్టుకున్నారు. మర్నాటికి తొడుగు విప్పి ముప్పై ఒకటో బ్లేడు కోసి చూశారు. పైన అద్దంలా నున్నగా ఉంది. లోపల వేరు దగ్గర కరగని పొడి ఇసకలా రాలింది. ఒక పగులు అంచుదాకా పాకి, వెంట్రుకవాసిలో ఆగి ఉంది. దాన్ని చూసిన చీఫ్ ఇంజనీరు కుర్చీ వెతుక్కోకుండా నేల మీదే కూలబడిపోయాడు.

* * *

హేరాంగ్‌ని తీసుకుపోయేముందు వరండాలో తేసిక్‌కి ఒక్క నిమిషం దొరికింది. ఆమె చేతులకి సంకెళ్ళున్నాయి.

"నన్ను నమ్మారా?" అంది.

"ఆర్న్‌హోల్ట్ లేచాడు."

"అంటే నమ్మలేదన్నమాట."

"మీరు లేవలేదు," అన్నాడు తేసిక్.

ఆమె నవ్వబోయి ఆగింది. "డో గారి విషయం కోర్టులో నేనే చెబుతాను. ఎవరూ నన్ను తప్పించకండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పేరు?"

"తేసిక్. యాంగ్ తేసిక్."

పోలీసుల మధ్య నడుస్తూ ఆమె ఆ పేరు ఒకసారి పెదవుల మీద పలికి చూసుకుంది. ఆ తరువాత అతను ఆమెను చూడలేదు.

సముద్రం ఒడ్డున ఆపిన కారులో నామ్‌గుంగ్ కొత్త ఫైలు అతని ఒళ్ళో పడేశాడు.

"నా ఆజ్ఞ ధిక్కరించావు."

"అవును సార్."

"నేనే ఆజ్ఞ ఇచ్చానని రిపోర్టు రాశాను. మంచి పేరొచ్చింది. వచ్చే నెల నుంచి నువ్వు ఉల్సాన్‌లో బ్యాటరీ మెటీరియల్స్ గోడౌన్ కీపరువి. ఒంటరిగా ఉంటే అనుమానిస్తారని ఈసారి నీకో భార్యను కూడా ఇచ్చాం. కాగితం మీద."

తేసిక్ ఫైలు తెరిచి, అందులో ఉన్న, ఎవరో తెలియని ఆ భార్య ఫొటోను చాలాసేపు చూశాడు.

"వంట వచ్చా సార్?"

"కాగితం మీద వచ్చు."