కుర్చీకి ఇద్దరు

"లేవండి, అది నా కుర్చీ," అంది ఆ అమ్మాయి.

"మీ పేరేమైనా రాసుందా?" అన్నాడు లీడర్, కదలకుండా.

"నంబరు రాసుంది. నాకొచ్చిన మెయిల్లోనూ అదే నంబరుంది."

అతనూ ఫోన్ తీసి చూపించాడు. అతని మెయిల్లోనూ అదే నంబరు.

ఇళ్ళ నుంచి పని చేసుకోమన్న రోజుల్లో కంపెనీ వాళ్ళు సగం ఆఫీసుని అద్దెకిచ్చేశారు. ఇప్పుడేమో ఒక్కరు మిగలకుండా అందరూ ఆఫీసుకి రావాల్సిందేనని హుకుం జారీ చేశారు. మందని తోలుకొచ్చాక గానీ కొట్టం సగమే ఉందని వాళ్ళకి తెలిసిరాలేదు.

"ఈ గొంతు ఎక్కడో విన్నానే... మీరు టెస్టింగ్ కదూ? నా ప్రోగ్రాముల్లో వంకలు పెట్టేది?"

"ఓహో, ఆ వంకలన్నీ మీవేనా!" అందామె, అతన్ని పైనుంచి కిందదాకా చూస్తూ. ఇంకేవైనా వంకలున్నాయేమోనని వెతికినట్టుంది ఆ చూపు.

ఏళ్ళ తరబడి కాల్స్‌లో పోట్లాడుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు.

లీడరనేది తోటివాళ్ళు పెట్టిన పేరు. ఆఫీసుకి రప్పించడం అన్యాయమని గ్రూపులో ఆవేశంగా మెసేజీలు పెట్టింది అతనే. మంచం మీద పడుకుని, పొట్ట మీద లాప్‌టాప్ పెట్టుకుని పెట్టాడనుకోండి, అది వేరే సంగతి. ఉపాయం చెప్పిందీ అతనే.

"ఎదురు తిరిగితే ఉద్యోగాలు ఊడతాయి. ఎవరూ సెలవు పెట్టొద్దు, అందరం రోజూ వద్దాం. మాట వినీ వినీ వాళ్ళ చేతే 'ఇక చాలు బాబోయ్' అనిపిద్దాం."

వచ్చారు. లిఫ్టు మూలిగింది. మెట్ల మీద కూర్చుని భోజనాలు చేశారు. మేనేజరు గదిలో, ఆయన బల్ల చుట్టూనే అకౌంట్స్ వాళ్ళు చేరి పని చేసుకున్నారు. ఆయన ఫోన్ మాట్లాడాలంటే కారిడార్లోకి పోవాల్సి వచ్చింది.

లీడరూ ఆ అమ్మాయీ కుర్చీని వంతులేసుకున్నారు. ఒకరు కూర్చుంటే ఇంకొకరు కిటికీ గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడేవారు. అతనికి నిలబడే వంతే బాగుండేది. కిటికీ అద్దంలో ఆమె కనిపించేది, అద్దం మీద వాన కనిపించేది. కోడ్ ఒక్కటే కనిపించేది కాదు.

"ఏంటలా చూస్తున్నారు?"

"వాన."

"వాన బయట పడుతోంది. మీరు లోపలికి చూస్తున్నారు."

ఉద్యమం జోరుగా సాగుతోంది. నాయకుడికి మాత్రం గుండెలో గుబులు మొదలైంది. గెలిస్తే ఎవరింటికి వాళ్ళు పోతారు. ఈమె మళ్ళీ కాల్‌లో గుండ్రటి బొమ్మ వెనకాల గొంతైపోతుంది. ఇంకొన్నాళ్ళు ఓడిపోతే బాగుండునని మొక్కుకోబోయి నాలిక్కరుచుకున్నాడు.

"మనం గెలుస్తామంటారా?" అడిగిందామె ఒకనాడు, మెట్ల మీద అన్నం తింటూ.

"ఏం, అంత తొందరా?" మాట పుల్లగా వచ్చింది.

"మా నాన్నకి కళ్ళ ఆపరేషనైంది. గంటగంటకీ చుక్కల మందు వెయ్యాలి. నేనిక్కడుంటే ఎదురింటి అత్తయ్య వేస్తోంది. పాపం, ఆవిడ చూపూ అంతంతమాత్రమే. సగం మందు ముక్కు మీదే పోస్తోంది." నవ్వుతూనే చెప్పింది. కలిపిన ముద్ద మాత్రం మళ్ళీ గిన్నెలోనే పెట్టేసింది.

లీడరూ తన గిన్నెకి మూత పెట్టేశాడు. ఆ సాయంత్రం గ్రూపులో గట్టిగానే పెట్టాడు: "రేపు ఒక్కరు మానినా ఊరుకోను. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని రండి."

చివరికి మేనేజరు బల్లెక్కి నిలబడ్డాడు. కింద చోటు లేదు మరి.

"కుర్చీకి ఇద్దరున్నారు. ఒకరు ఇక్కడికి రండి, ఒకరు ఇంట్లో చేసుకోండి. ఎవరన్నది మీరే తేల్చుకోండి."

అప్పటిదాకా భుజాలు కలిపి నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు ఆస్తి పంచుకునే పాలివాళ్ళలా చూసుకున్నారు. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ వైపు వేలు చూపించారు. లీడర్ చెయ్యెత్తాడు.

"నేనొస్తానండీ. రోజూ."

"అన్నా! నువ్వా?" అని కేక పెట్టాడొకడు వెనక నుంచి. "నీ మాట నమ్మి ఇన్నాళ్ళూ ఆ లిఫ్టులో నలిగి చచ్చాం కదన్నా!"

అందరూ గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. అతన్ని మెట్ల దగ్గరికి లాక్కుపోయింది.

"ఎవరు చెయ్యెత్తమన్నారు మిమ్మల్ని? నన్నడిగారా?"

"మీ నాన్నగారి కళ్ళు..."

"నాన్న గురించే ఎత్తారా?"

అతను గోడని చూశాడు, చెప్పుల్ని చూశాడు. "మీరు ఇంట్లో ఉండాలి. నాకేమో మిమ్మల్ని రోజూ చూడాలనుంటుంది. రెండూ కుదరవుగా. అందుకని... మీకు కుదిరేదానికే చెయ్యెత్తాను."

ఆమె అతన్ని మళ్ళీ పైనుంచి కిందదాకా చూసింది. వంకలు పెట్టే మనిషి ఇంతసేపు చూస్తోందంటే ఎంత పెద్ద తప్పు దొరికిందోనని అతను చొక్కా సర్దుకున్నాడు.

"రేపు నాన్న నల్లద్దాలు తీసేస్తాడు," అంది ఆఖరికి. "రోజూ సాయంత్రం ఇంటికెళ్ళి నేను చెప్పేదంతా మీ కబుర్లేగా. అద్దాలు తియ్యగానే ముందు ఆ అబ్బాయినే చూడాలంటున్నాడు. పొద్దున్నే మా ఇంటికి రండి."

"పొద్దున్నా? రేపట్నుంచి రోజూ ఆఫీసుకొస్తానని ఇప్పుడేగా అందరి ముందూ..."

"అయితే రారా?"

లీడర్ వెనక్కి తిరిగి మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. ఆయనింకా బల్ల దిగలేదు.

"సార్, రేపు నాకు సెలవు కావాలి."