రెండో స్టూడియోలో ఆడగొంతు

క్లీవ్‌లాండులో ఆ టీవీ స్టేషన్ రెండో స్టూడియో అంటే పనివాళ్లందరికీ హడల్. రాత్రి పది దాటితే, మూసిన తలుపు వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపిస్తుందంటారు —

"అమ్మలారా, చూడండి... ఒక్క అగ్గిపుల్ల చాలు!"

అది అర్లీన్ కోసిక్ గొంతని చెప్పుకుంటారు. 1953 నాటి మాట. నాటకాలూ ప్రకటనలూ అన్నీ జనం చూస్తుండగా అప్పటికప్పుడే జరిగిపోయే రోజులవి. ప్రతి గురువారం నాటకం మధ్యలో అర్లీన్ గ్యాస్ పొయ్యి ప్రకటన చెప్పేది. ఒక గురువారం ఆ పొయ్యి భగ్గుమంది. గౌను చేతి అంచున ఉన్న లేసుకి మంట అంటుకుంది.

కెమెరా పక్కన నిలబడి సైగలు చేసేవాడు ఎమ్మెట్ రస్క్. అతను ఆపమనలేదు. వేలు గిర్రున తిప్పాడు — కానియ్, కానియ్... ఇంకా పన్నెండు సెకన్లు!

ఆ పిల్ల నవ్వుతూనే చివరి మాట దాకా చెప్పి కూలబడింది. ఆస్పత్రిలో పోయిందన్నారు. మరుసటి గురువారం ఇంకో పిల్ల వచ్చి ఇంకో పొయ్యి ముందు నవ్వింది.

ముప్పై ఏళ్లు గడిచాక, పాత రోజులకి పండగ చేయాలని స్టేషన్‌వాళ్లకి బుద్ధి పుట్టింది. గెయిల్ అనే కుర్ర ప్రొడ్యూసరమ్మ ఎమ్మెట్‌కి ఫోన్ చేసింది.

"ఆ బంగారు రోజుల గురించి మీరే చెప్పాలి రస్క్ గారూ! అప్పట్లో ప్రసారమవుతుండగానే తీసి దాచిన ప్రకటనల ఫిల్ములు దొరికాయి. రెండో స్టూడియో బీరువా నిండా అవే. రేపు పొద్దున వేసి చూస్తాం."

"బంగారమా, నా మొహమా! చెమటా తిట్లూనమ్మా అవి," అని ఠక్కున పెట్టేశాడు.

పెట్టేశాడే గాని, ఫోన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ ఫిల్ము అతను ఒకసారి చూశాడు. అందులో మంట ఉంది. మంట పక్కనే, తెర అంచున, తిరుగుతున్న తన వేలూ ఉంది.

ఆ రాత్రే వెళ్లాడు. కాపలా కాసే లీరాయ్ తాళంచెవి చేతిలోనే పట్టుకుని గొంతు తగ్గించాడు.

"వద్దు పెద్దాయనా. నా చెవులారా విన్నా."

"చచ్చినవాళ్లు మాట్లాడరోయ్. ఇటివ్వు!"

లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. దుమ్ము, పాత రబ్బరు వాసన. టార్చి వెలుగులో బీరువా తెరిచి ఫిల్ము డబ్బాల మీది తేదీలు చూసుకుంటూ పోయాడు. దొరికింది. కోటులో దాచుకుని వెనక్కి తిరిగాడు —

"అమ్మలారా, చూడండి..."

గొంతు పక్కనుంచే వచ్చింది.

టార్చి జారి పడిపోయింది. గోడ దగ్గర ఏదో టక్కుమంది. నెత్తి మీద దీపాలు వెలిగాయి.

వీపు ఇటు పెట్టి ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మెల్లగా తిరిగింది. చెవి నుంచి మెడ దాకా చర్మం ముడుచుకుపోయి ఉంది. జుట్టు తెల్లగా నెరిసిపోయింది.

దెయ్యాలకి జుట్టు నెరుస్తుందా?

"ముసలాడివైపోయావే, ఎమ్మెట్."

"నువ్వు... నువ్వు చచ్చిపోయావు..."

"ఎవరు చెప్పారు?"

"అందరూ... అందరూ అన్నారు."

"చూడ్డానికి వచ్చిందెవరు?"

ఆస్పత్రి అక్కడికి నాలుగు వీధుల దూరం.

"పదకొండు వారాలు పడున్నా," అంది అర్లీన్. "తలుపు చప్పుడైనప్పుడల్లా మీలో ఎవరో ఒకరనుకునేదాన్ని. తర్వాత పెళ్లయింది, ఇంటిపేరు మారింది. తొమ్మిదేళ్లుగా ఈ నేల తుడుస్తున్నా, నా తాళంచెవి నాకుంది. తుడిచేదాని మొహం ఎవడు చూస్తాడు?"

"మరి... ఆ మాటలు?"

"చెప్పుకుంటాను. ఎవరూ లేనప్పుడు. ఇవాళ మాత్రం నీకు వినబడాలనే." ఆమె గొంతు ఒక్క క్షణం మెత్తబడింది. "బాగా చెప్పేదాన్ని, ఎమ్మెట్. ఆ పనంటే నాకు ప్రాణం."

అంతలోనే చెయ్యి చాపింది. "డబ్బా ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. ఆమె దాన్ని తీసుకెళ్లి, గెయిల్ పొద్దున్నే కూర్చునే బల్ల మీద, తేదీ పైకి కనిపించేలా పెట్టింది. ఎమ్మెట్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆమె బకెట్టు ఈడ్చుకుంటూ వచ్చింది.

"పక్కకి జరుగు. తడిగుడ్డ పెట్టాలి."