బొటనవేలు అబద్ధమాడదు

"నీకు చేతకానిది ఒక్కటే. ఊరికే పడుండటం. ఇప్పుడు అదే నీ మిషన్," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంటంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. ఎదురుగా కూర్చున్న ఏజెంటుని కాకి అంటుంది.

తీర రక్షణ సంకేతాలన్నీ కంఠతా వచ్చిన గుమాస్తాకి కారు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలింది. మాట పోయింది. కుడిచెయ్యి పడిపోయింది. అతన్ని ఎత్తుకుపోవాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది.

"ఆసుపత్రిలో అతని మంచం మీద నువ్వు పడుకుంటావు. అతని మొహం ముఠావాళ్లకి తెలియదు. నిన్ను ఎత్తుకుపోతారు. ఎవరికీ మొహం చూపించని వాళ్ల బాస్ సరుకు చూసుకోవడానికి వస్తాడు. వాడు ప్రాణాలతో కావాలి."

"లోపల నాకు తోడు?"

"ఒక కోయిల ఉంది. ఎవరో చెప్పను. చెబితే నీ కళ్లు అటే పోతాయి."

"మా ఆవిడకేం చెప్పను బాబాయ్?"

"నోరు మూసుకోవడం నేర్చుకుంటున్నానని చెప్పు. సంతోషిస్తుంది."

ఎత్తుకుపోయారు. తెచ్చి పడేసిన గదికి కిటికీ లేదు. కుడిచేతి మీద ఈగ వాలితే తోలకూడదు. గుచ్చితే ఉలకకూడదు. కాకి అన్నీ ఓర్చుకున్నాడు.

మూడో రోజు కుర్చీలో కూర్చోబెట్టి తలని చట్రంలో బిగించారు. కుడి బొటనవేలి కింద తీగలు అంటించారు. ముఠా జీతం తినే డాక్టరమ్మ వచ్చింది. ఎర్రటి లిప్‌స్టిక్, హైహీల్స్. చేతిలో ఎనిమిది అంకెలా వంపు తిరిగిన కాయిల్.

వెనకాలే బాస్. పొట్టి మనిషి, బట్టతల. పక్కన కొండలాంటి బాడీగార్డ్.

"ఇదేం చేస్తుంది?" అన్నాడు బాస్.

"అయస్కాంతం సార్. పుర్రె మీద పెట్టి నొక్కితే, చేతిని నడిపే మెదడు భాగాన్ని తడుతుంది. అక్కణ్ణుంచి చేతికి వచ్చే నరాల దారి బాగుంటే వేలు ఎగురుతుంది, వద్దనుకున్నా సరే. దారి దెబ్బతింటే ఈ తెర మీద అల చిన్నగా, ఆలస్యంగా వస్తుంది. తెగిపోతే అసలు రాదు."

కాకి ఇది ఊహించలేదు. ఈగకి ఓర్చుకోవచ్చు, సూదికి ఓర్చుకోవచ్చు. దీనికి ఎలా ఓర్చుకోవడం? వేలు గట్టిగా ఎగిరితే నాటకం బయటపడుతుంది. తల తిప్పడానికి కూడా లేదు.

టక్.

బొటనవేలు చేపపిల్లలా ఎగిరింది. తెర మీద ఎత్తుగా, చక్కటి అల.

డాక్టరమ్మ తెరని చూసింది. కాకి కళ్లలోకి చూసింది.

"బలహీనంగా ఉంది సార్. ఆలస్యం కూడా. కానీ తెగిపోలేదు. ఈ చెయ్యి మళ్లీ రాస్తుంది."

కోయిల! కాకి ఊపిరి వదిలాడు. కానీ బాస్ వదల్లేదు.

"బలహీనమని నువ్వంటే సరిపోదమ్మా. నేను మా అమ్మనే నమ్మను. మంచి చెయ్యి ఎలా ఉంటుందో పక్కన చూపించు. ఒరేయ్, నువ్వు కూర్చో."

"నా తలలో ఇనపరేకు ఉంది సార్. మీరు కొట్టిన దెబ్బకే వేశారు," అన్నాడు బాడీగార్డ్ సిగ్గుపడుతూ.

"రేకుంటే ప్రమాదం సార్," అంది డాక్టరమ్మ. "నేను కూర్చుంటే కాయిల్ పట్టేవాళ్లుండరు."

బాస్ పళ్లు నూరి తనే సిద్ధమయ్యాడు. కాకిని పక్క మంచం మీదికి మార్చారు. బాడీగార్డ్ అతని ఎడమచేతిని కమ్మీకి కట్టేశాడు. కుడిచేతిని వదిలేశాడు. చచ్చిన చేతిని ఎవరు కడతారు?

"నువ్వు బయటికి పో. నా వెనక తుపాకీతో ఎవడూ నిలబడకూడదు," అన్నాడు బాస్.

తలుపు మూసుకుంది.

"లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదు సార్."

వాచీ, తాళాలు, చివరికి పిస్తోలు ట్రేలో పడ్డాయి. ట్రేని ఆమె మంచం పక్కన పెట్టింది. కుర్చీలో కూర్చున్న బాస్ తలని చట్రంలో బిగించింది, బొటనవేలి కింద తీగలు అంటించింది, కదలకూడదంటూ చేతులకి పట్టీలు వేసింది.

టక్.

తెర మీద రెండో అల లేచింది. మొదటిదానికి కవలపిల్ల.

బాస్ రెండింటినీ చూశాడు. అర్థమైంది. అరవడానికి నోరు తెరిచాడు.

తెరిచిన నోటికి ఎదురుగా అతని పిస్తోలే ఉంది. పట్టుకున్నది కుడిచెయ్యి.

"అరవకండి సార్. మూడు రోజుల తర్వాత వాడుతున్నాను, వణికినా వణుకుతుంది," అన్నాడు కాకి.

బయట ఏదో బరువైనది నేల మీద పడిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. వార్డుబాయ్ వేషంలో బాబాయ్, వెనక నలుగురు. "నీ కబురందగానే మాటు వేశానమ్మా," అన్నాడు డాక్టరమ్మతో.

ఆమె తీరిగ్గా తీగలు ఊడదీస్తూ బాస్ వైపు వంగింది.

"రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది సార్. వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి మీ చేతికి ఏ ఇబ్బందీ ఉండదు."